తాహెరా బేగం భుజం

మద్రాసులో ఏడాది పాటు మాలీషు, కసరత్తుల వైద్యం నేర్చుకొని వచ్చి, లిదియా హన్మకొండ మిషన్ దవాఖానలో చేరింది. సర్టిఫికెట్ ఉంది, అందులో ఫస్టు క్లాసు ఉంది. లేనిదల్లా ధైర్యమే. రోగి భుజం మీద చెయ్యి వేసే ముందు, వెయ్యనా అని రోగినే మూడుసార్లు అడిగేది.

ఆమెకు అప్పగించిన మొదటి రోగి తాహెరా బేగం. ఖిలా వరంగల్‌లో నలుగురు కోడళ్లను కంటిచూపుతో నడిపించే మనిషి. కుడి భుజం పట్టేసి నాలుగు నెలలైంది.

మొదటిరోజు లిదియా ఆ చేతిని కాస్త పైకి లేపిందో లేదో, "యా అల్లా!" అని బేగం పెట్టిన కేకకు వరండాలోని నర్సులంతా పరుగెత్తుకొచ్చారు. లిదియా కళ్లలో నీళ్లు తిరిగాయి. బేగం ఆ పిల్ల ముఖం చూసి చప్పున నోరు మూసుకుంది.

ఆ తర్వాత కేకలు లేవు. బేగం రోజూ ఇంటి నుంచి వచ్చేది; వేడినీళ్ల కాపడం, నువ్వుల నూనెతో మాలీషు.

"ఎట్లున్నదమ్మా?"

"మస్తు నయమున్నది బిడ్డా. నీ చేతుల అల్లా బర్కత్ ఉన్నది."

వారం తిరిగేసరికి లిదియా నడకే మారిపోయింది. అన్నం తినేటప్పుడు తోటి నర్సు రాహేలుకు కీళ్ల గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టింది. మూడో వారం తానే వెళ్లి డాక్టర్ సుందర్ రావును పిలుచుకొచ్చింది.

"చెయ్యి లేపండమ్మా" అన్నాడు డాక్టర్.

బేగం లేపింది. ఛాతీ దాకా వచ్చి ఆగింది, సరిగ్గా మొదటిరోజు ఆగిన చోటే.

"పొద్దుగాల మంచిగనే లేచింది డాక్టర్ సాబ్. ఇప్పుడు జర అలిగినట్టున్నది."

డాక్టర్ నవ్వు ఆపుకొని, "వేరేవాళ్లకు అప్పగిద్దామా లిదియా? ఆలోచించి చెప్పు" అని వెళ్లిపోయాడు.

లిదియా తలుపు వేసింది. "అబద్ధం ఎందుకు చెప్పిన్రమ్మా?"

"మొదటిరోజు నేను కేకేసి ఒర్లితే నీ మొహం గింతైపాయె. నా కోడండ్లు ఏడిస్తె నాకు ఫికర్ లేదు. నువ్వు ఏడుస్తాంటె మనసొప్పలే."

"నా కోసం మీ చెయ్యి గట్లనే ఉంచుకుంటరా?"

కోపం ముంచుకొచ్చింది గానీ, ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. మూడు వారాలుగా తను చూసింది బేగం నోటి వంకే. చెయ్యి ఎక్కడ ఆగుతోందో ఒక్కనాడూ కొలవలేదు.

గబగబా దవాఖాన వంటింట్లోంచి బొగ్గుముక్క తెచ్చింది. "గోడ మీద వేళ్లు నడిపించుకుంట పైకి పోండి. ఆగినకాడ గీత గీస్త. 'మస్తు నయం' అన్న మాట ఇగ ఈ గదిల వినపడొద్దు. నొప్పైతె ఒర్లండి."

"నువ్వు ఏడిస్తె?"

"ఏడ్చుకుంటనే చేయిస్త."

డాక్టర్‌కు కూడా తానే చూస్తానని చెప్పింది. ఇక ఆ గదిలోంచి కేకలే కేకలు. నాలుగు రోజులు గీత కదల్లేదు. లిదియా కాపడం సేపు పెంచింది, బేగాన్ని పడుకోబెట్టి చెయ్యి తిప్పించింది. ఐదోరోజు గీత వేలెడు పైకి పోయింది. ఇద్దరూ గోడ దగ్గరికి పోయి ఆ ఎడాన్ని మళ్లీ మళ్లీ వేలితో కొలిచి చూసుకున్నారు. ఒకరోజు గీత కిందికి దిగింది. కోడళ్లకు తన సత్తా చూపిద్దామని బేగం రోకలి పట్టిందట. నలుగురు కోడళ్లను హడలెత్తించే ఆ మనిషి, లిదియా తిట్లకు తలొంచుకొని కూర్చుంది.

రెండు నెలలు గడిచాక, ఒక పొద్దున బేగం గదిలోకి వచ్చి, కొప్పు విప్పి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి తన జడ తానే అల్లుకుంది. అల్లి, గర్వంగా వెనక్కి తిరిగి నిలబడింది.

"ఎట్లున్నది బిడ్డా?"

లిదియా తేరిపార చూసింది. "వంకరగున్నదమ్మా."

బేగం పగలబడి నవ్వి, జడ విప్పి మళ్లీ మొదలుపెట్టింది. లిదియా తలుపు తీసి, తాడిచెట్టు మీంచి పడి మోచెయ్యి బిగుసుకుపోయిన యాకయ్యను లోపలికి రమ్మంది.

"నయమైతదా సిస్టరమ్మా?" అన్నాడతను గుమ్మంలోనే.

"ఇప్పుడే చెప్పలేను. కూసో, చెయ్యి ఎంతవరకు వస్తదో సూద్దాం" అంది లిదియా.