మాస్టారి పెళ్ళాం కారుకు బోడి అద్దాలు

ఆ వార్త రొసెందో మాస్టారి చెవిన పడేసరికి ఆయన నోట్లో ఫ్రైడ్ రైస్ ముద్ద ఉంది. మింగాలో ఉమ్మాలో తేలక కాసేపు బుగ్గనే పెట్టుకున్నాడు.

"నా కళ్ళతో చూశానయ్యా," అన్నాడు హోటలు యజమాని దోన్ ఎవరార్దో చావ్, సోయా సాసులో ఊరిన మిరపకాయల గిన్నె బల్ల మీద పెడుతూ. "మీ ఆవిడ కారుకి అద్దాలు బోడిగా ఉన్నాయి. అన్నీను. జడ, చెవికమ్మలు, పక్క సీట్లో కోడిగుడ్ల అట్ట, అంతా కనబడింది. బబుల్‌గమ్ నములుతోంది. అది ఏ రుచో తప్ప అన్నీ తెలిసిపోయాయి."

మెక్సికో ఎడారి ఊరు మెహికాలీలో జూలై నెలలో మనిషి బట్టల్లేకుండా తిరిగితే పాపం ఎండదెబ్బ అని జాలిపడతారు. కారు నల్ల ఫిల్మ్ లేకుండా తిరిగితే మాత్రం కాపురం కూలిందనుకుంటారు. అందులోనూ అది రొసెందో మాస్టారి పెళ్ళాం కారు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరి కార్ల అద్దాలకు నలుపు అంటించినవాడు ఆయన, ఆ పనితనానికే ఊరు మాస్టారంటుంది. దుకాణం పేరు 'అర్ధరాత్రి'. బోర్డు మీద పేరు కింద 'ఎంత నలుపో అంత చలవ' అని ఆయనే స్వయంగా రాయించుకున్నాడు.

ఊళ్ళో కార్లన్నీ ఆయన చలవ వల్ల అంత నల్లగా ఉంటాయి గనక, ఎదురొచ్చే కారులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. అందుకని అందరూ అందరికీ హారన్ కొడతారు. పీం పీం అంటే బాగున్నావా అని. దోన్ ఎవరార్దో బావమరిది చనిపోయాక ఆయన కారును ఎవరో కొనుక్కుంటే, ఆ పోయినాయన్ని ఊరు ఇంకో రెండేళ్ళు పలకరిస్తూనే ఉంది.

మాస్టారు అన్నం వదిలేసి లేచాడు. బయట నలభై ఏడు డిగ్రీలు. తన పికప్ ఎక్కాడు. దానికి రెండు పొరల నలుపు, పట్టపగలు కూడా లోపల తాళం కన్నం తడుముకోవాలి. ఏసీ పూర్తిగా పెట్టాడు. అయినా కిటికీ పక్కనున్న ఎడమచెయ్యి మండుతూనే ఉంది. ఆ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా కమిలి పొట్టు రేగి ఉంటుంది. డాక్టరు ఎండ తగలనివ్వొద్దన్నాడు. మాస్టారు మాత్రం తప్పంతా రొయ్యల మీదికి నెట్టేసి రొయ్యలు మానేశాడు. పాత ఫుట్‌బాల్ మేజోడు పాదం కత్తిరించి, మిగిలిన గొట్టాన్ని చేతికి తొడుక్కుని తిరుగుతున్నాడు. ఇంత నల్లటి అద్దంలోంచి ఎండ ఎలా వస్తుందనే ప్రశ్న ఆయన బుర్రలోకి రాలేదు. వచ్చే దారిని కూడా ఎప్పుడో నల్లగా మూసేసుకున్నాడు మరి.

ఇంటికొచ్చేసరికి ఒఫేలియా వంటింట్లో కేకు అంచున క్రీము పువ్వులు పెడుతోంది.

"ఏమే, కారుకు బట్టలు విప్పేశావట?"

"చేతులు కడుక్కుని రా. క్రీము మీద దుమ్ము పడుతుంది."

"ఊరంతా నన్ను చూసి నవ్వుతోందే!"

"జూన్‌లో నన్ను చూసి నవ్వలేదూ? ఇప్పుడు నీ వంతు. అంత ఉడుక్కుంటావేం?"

జూన్ సంగతి ఎత్తితే మాస్టారు తలొంచుకోవాల్సిందే. ఒఫేలియాది కేకుల వ్యాపారం. సరిహద్దు కంచె అవతల అమెరికాలో ఎవరో వాడి వదిలేసిన చిన్న కరెంటు కారు ఆమె బండి. బ్యాటరీకి వయసు మళ్ళింది. నిండా ఎక్కిస్తే నూట ఇరవై కిలోమీటర్లు పోవాలి, కానీ ఎండలో ఏసీ పూర్తిగా పెడితే అందులో మూడో వంతు ఏసీయే మింగేస్తుంది. జూన్‌లో ఒక పసివాడి బాప్తిస్మానికి కేకు తీసుకెళుతుంటే దారిలో చార్జింగ్ అడుగంటింది. ఏసీ కట్టేయక తప్పలేదు. క్రీము చర్చి గోపురం క్రీము దేవదూత మీద ఒరిగింది, ఇద్దరూ కలిసి పసివాడి పేరు మీద కూలబడ్డారు. పసివాడి తల్లి దానికి ఫోటో తీసి కనబడిన వాళ్ళందరికీ పంపింది.

రేపు శనివారం. ఊరి పక్క లోయలో నలభై అయిదు కిలోమీటర్ల అవతల ఒక ఊళ్ళో దోన్ ఎలిహియో మనవరాలికి పదిహేనేళ్ళ పండుగ. మూడు వందల మంది భోక్తలు, అయిదంతస్తుల కేకు. ఇది కూడా కూలితే ఆ లోయలో ఒఫేలియాని కేకు అడిగేవాడు ఇక ఉండడు. కూలకుండా చేరితే అసలు గోల రొసెందోది. బోడి అద్దాల కారులో కేకు నిలబడిందంటే ఇరవై ఆరేళ్ళ నలుపు మీద ఊరు నవ్వుతుంది. పెళ్ళాం కేకు నిలబడకూడదని కోరుకుంటున్నానా అని ఒక్క క్షణం ఆయనకే అనుమానం వచ్చింది. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద ఇంకా కోపం వచ్చింది.

"ఫిల్మ్ ఎందుకు పీకావు?"

"నీది పీకాను. వేరేది అంటించాను."

"ఎక్కడ?"

"అద్దం మీదే. నీకు కనబడనంత మాత్రాన లేనట్టేనా?"

మాస్టారు బయటికెళ్ళి కారు అద్దానికి ముక్కు ఆనించాడు. ఏమీ లేదు, లోపల సీటు మీద చిరుగుతో సహా కనబడుతోంది. అద్దం అంచున గోటితో గీరాడు. గోటికి ఏదో తగిలింది. నిజమే, ఉంది. అద్దం మూలన ఫిల్మును చిన్న గుండ్రపు వంపుగా కోశారు. చివర రేగకుండా అలా కోసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే. ఒకడు తను. రెండోది తను నేర్పిన మనిషి.

గ్రిసెల్దా ఆయన సొంత చెల్లెలు. పదకొండేళ్ళు 'అర్ధరాత్రి'లో పనిచేసింది. నాలుగేళ్ళ కిందట సిరామిక్ ఫిల్మ్ ముక్కొకటి తెచ్చి చూపించింది. "అన్నా, కళ్ళకు కనబడే వెలుగు వేరు, ఒళ్ళు కాల్చే వేడి వేరు. మన ఫిల్మ్ కనబడేదాన్ని ఆపుతోంది. కాల్చేది చాలావరకు దర్జాగా లోపలికొస్తోంది. పైగా ఈ నలుపు ఎండ తాగి అద్దాన్ని పెనం చేసి పెడుతోంది. ఇదేమో వెలుగును రానిచ్చి వేడిని బయటే ఆపేస్తుంది" అంది. రొసెందో నలుగురు గిరాకీల ముందు పగలబడి నవ్వాడు. "విన్నారా, మా చెల్లి గాలిని కత్తిరించి అమ్మమంటోంది" అన్నాడు. గ్రిసెల్దా ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయి, మూడు వీధుల అవతల సొంత దుకాణం తెరిచింది. ఆనాటి నుంచి ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళేటప్పుడు రొసెందో హారన్ కొట్టడు. మా ఊళ్ళో అంతకన్నా బూతు మాట లేదు.

శనివారం మధ్యాహ్నం కేకు కారెక్కింది, నాలుగంతస్తులు ఒకటిగా, అయిదోది విడి డబ్బాలో. మాస్టారు కూడా ఎక్కాడు, ఒళ్ళో కొత్త నల్ల ఫిల్మ్ చుట్ట, గీకే బ్లేడు పెట్టుకుని.

"అదెందుకు?" అంది ఒఫేలియా.

"దారిలో కేకు కరుగుతుంది కదా. అక్కడే నీ గాలి పీకేసి ఇది అంటిస్తా."

"సరే. అంతదాకా ఖాళీగా కూర్చోకు, ఇది పట్టుకో." ఫిల్మ్ చుట్ట లాగి వెనక పడేసి, పంచదార కిరీటం ఉన్న డబ్బా ఆయన ఒళ్ళో పెట్టింది. ఏసీ రెండో నంబరు మీద పెట్టింది.

"రెండా? చస్తాం!"

"చస్తే నువ్వు ముందు చావు, నాకు కేకు దింపే పనుంది."

కారు బయల్దేరింది. మాస్టారు వేడి కోసం కాచుకున్నాడు. రోడ్డుకిరుపక్కలా పత్తి చేలు ఎండలో మిలమిలలాడుతున్నాయి. ఇదిగో వస్తుంది, ఇంకో అయిదు కిలోమీటర్లలో వస్తుంది, అప్పుడు చెబుతాను అనుకున్నాడు. ఎండ సూటిగా ఆయన ఒళ్ళో పడుతోంది, కళ్ళారా చూస్తున్నాడు. వెలుగుంది, వేడి మాత్రం నామమాత్రంగా ఉంది. అది ఇంకా రాలేదేమిటా అని ఎదురుచూస్తూ, ఎదురుచూస్తూ...

"లే. చేరాం."

మాస్టారు ఉలిక్కిపడి లేచాడు. గడ్డం మీద చొంగ కారి ఉంది. ఒళ్ళో కిరీటం చెక్కుచెదరలేదు.

"గురక పెట్టావు," అంది ఒఫేలియా. "ఇరవై రెండో కిలోమీటరు నుంచి."

"కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నా."

"బాగా ఆలోచించావు. పత్తి చేలో జనం తిరిగి చూశారు. అద్దాలు బోడి కదా, నీ నోరెంత తెరిచావో కూడా కనబడుంటుంది."

జూలై మధ్యాహ్నం కారులో నిద్రపోయి ఎన్నేళ్ళయిందో రొసెందోకి గుర్తు లేదు. వెనక్కి తిరిగి చూశాడు. కేకు అంతస్తులు నాలుగూ పెళ్ళికూతురిలా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక్క పువ్వూ జారలేదు. బ్యాటరీలో ఇంకా యాభై ఎనిమిది శాతం ఉంది. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని అనిపించింది ఆయనకి.

పందిరి కింద కేకు పెట్టి, దాని మీద అయిదో అంతస్తు, దాని మీద కిరీటం ఎక్కించగానే జనం మూగారు. దోన్ ఎలిహియో చేతిలో బీరు సీసాతో కారు చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చాడు.

"మాస్టారూ, బోడి అద్దాలతో ఈ కేకు ఇంత దూరం ఎలా వచ్చిందయ్యా? కారులో చెయ్యి పెట్టి చూశాను, మా ఇంట్లో కన్నా చల్లగా ఉంది."

అందరూ ఇటు తిరిగారు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"బోడి కాదండీ, సిరామిక్. కొత్త రకం. వెలుగును రానిస్తుంది, వేడిని బయటే ఆపేస్తుంది." ఒక్క క్షణం ఆగాడు. ఆగినవాడు అక్కడితో ఆగొచ్చు కదా. "నేనే అంటించాను."

ఒఫేలియా చేతిలో కేకు కోసే కత్తి ఉంది. ఆమె భర్త వైపు చూసింది, కత్తి వైపు చూసింది, కేకు కోసింది. పెళ్ళాం తిట్టకపోవడం ఎంత భయంకరమో రొసెందోకి తెలుసు. అయినా ఆ సాయంత్రం పదకొండు మంది తమ కార్లకీ అదే అంటించమని ఆయన్ని పిలిచి మరీ పేర్లు చెప్పుకున్నారు.

తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక ఒఫేలియా బండి వేగం తగ్గించింది.

"మూడు వేసవులు అడిగాను నిన్ను," అంది చివరికి. "కేకులు కరుగుతున్నాయి మొర్రో అంటే ఇంకో పొర నలుపు వేశావు. నేను చలవ అడిగాను, నువ్వు చీకటి ఇచ్చావు. సాయంత్రమైతే నాకు రోడ్డే కనబడేది కాదు. నా మాట నువ్వొక్కసారైనా విన్నావా?"

"చెప్పొచ్చు కదా, దాని దగ్గరికెళుతున్నానని."

"చెబితే వెళ్ళనిచ్చేవాడివా? ఆరు గంటలు ఆ కారులో నడుం వంచుకుని అంటించింది పాపం గ్రిసెల్దా. నీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. నేను వచ్చేస్తుంటే ఒక్కటే అడిగింది: 'అన్నయ్య చెయ్యి ఎలా ఉంది వదినా?' అని."

రొసెందో మేజోడు తొడిగిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఏడుపొచ్చినంత పనయింది. బోడి అద్దాల కారులో ఏడిస్తే ఊరంతా చూస్తుందని ఆపుకున్నాడు.

సోమవారం పొద్దున్నే చెల్లెలి దుకాణం ముందు పికప్ ఆపాడు. గ్రిసెల్దా వేలితో లోపలికి చూపించింది. ఒక స్టాండు మీద పెద్ద వేడి దీపం, దాని ముందు పక్కపక్కనే రెండు అద్దాలు ఉన్నాయి. ఒకటి నల్లది, ఒకటి సిరామిక్‌ది.

"చెయ్యి పెట్టు," అంది.

మేజోడు తీసి నల్ల అద్దం వెనక చెయ్యి పెట్టాడు. అది ఆయన సొంత నలుపే, చూడగానే గుర్తుపట్టాడు. ఏడు లెక్కపెట్టేలోపు చురుక్కుమని లాక్కున్నాడు. సిరామిక్ దాని వెనక పెట్టాడు. పది అయింది, ఇరవై అయింది. గోరువెచ్చగా ఉంది, అంతే. చెయ్యి తీస్తే చెల్లెలి మొహం చూడాల్సి వస్తుంది గనక, ఇంకా చాలాసేపు అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.

"చాల్లే, గోరుచుట్టుకి కాపడం పెడుతున్నావా?"

"శనివారం ఒక అబద్ధం ఆడాను."

"వదిన చెప్పింది. ఎంతమంది?"

"పదకొండు."

"సిరామిక్ అంటించడం వచ్చా?"

"రాదు."

"నవ్వాలా?"

"నవ్వు," అన్నాడు రొసెందో. "నేను నీ మీద నవ్వాను కదా. నలుగురి ముందు. తప్పు నాదే గ్రిసెల్దా."

ఆమె నవ్వలేదు. కొక్కేనికి వేలాడుతున్న ఏప్రాన్ తీసి అన్న మొహాన విసిరింది. "ముందు నీ పికప్. ఆ మసి అంతా నువ్వే గీకు. నీడలో కాదు, వీధిలో."

పదింటికల్లా వీధి వీధంతా చూస్తోంది. దోన్ ఎవరార్దో కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళు నలుపు అంటించిన మాస్టారు వేడి గాలి మిషన్ పట్టుకుని, చెమటలు కక్కుతూ, సొంత నలుపును పీలికలు పీలికలుగా ఊడదీశాడు. జిగురు గోళ్ళ నిండా పట్టింది. సాయంత్రానికి చెల్లెలు పక్కన నిలబడి తిడుతూ ఉండగా, డ్రైవరు కిటికీకి మొదటి సిరామిక్ ముక్క తనే అంటించాడు. మూడు బుడగలు మిగిలాయి.

ఇంటికి బయల్దేరాడు. వీధి మలుపులో కరెంటు కారు ఎదురొచ్చింది. అలవాటుగా చెయ్యి హారన్ మీదికి పోయింది. ఇంతలో అద్దంలోంచి ఒఫేలియా కనబడింది. జడ, చెవికమ్మలు, బుగ్గ మీద ఆరిన క్రీము మరక. అవతలి నుంచి ఆమె కూడా ఆయన్ని చూసింది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ కార్లలో ఎదురుపడ్డ ప్రతిసారీ పీం పీం అనుకున్నారే గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఎన్నడూ లేదు.

ఒఫేలియా హారన్ కొట్టలేదు. నాలుక బయటపెట్టి వెక్కిరించి పోయింది.