గోడ మీద అరవై నాలుగు

రత్నాలు ఎర్రమట్టిలో పేడ కలిపి గోడ అలుకుతోంది. వారంలో ఇటుకల పండగ, మన్యంలో చైత్రంలో జరిగే వేట పండగ. ముసిరిగుడలో ముప్పై ఇళ్ళూ ఎర్రగా నిగనిగలాడాలి. పొద్దున్నే మూడిళ్ళు తిరిగి పసిపిల్లల్ని తూకం వేసి, సోములు తాతకి బీపీ మాత్ర మింగించి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఆశా కార్యకర్త. మడమలు పగిలాయి, సంచీ పట్టీ ఒరుసుకుని భుజం కాయ కాచింది. ఆమె పేరు ఏ పేపర్లోనూ పడలేదు, పడాలని ఆమె అనుకోనూ లేదు.

తలుపు పక్కన అరచేయంత చోటు మాత్రం అలకలేదు. అక్కడ బొగ్గుతో రాసిన అంకె ఉంది: 64.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ మే నెలలో పరీక్ష కిట్లు అయిపోయాయి. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే మిషను ఒక్కటే మిగిలింది. కనీసం తొంభై అయిదు ఉండాలి. వానకి రిజిస్టరు నానిపోతే ఇంటింటి గోడ మీదా బొగ్గుతో అంకెలు రాసుకుంటూ తిరిగింది. పదకొండుమంది పోయారు. మరుసటి పండక్కి ఊరంతా ఎప్పట్లాగే గోడలు అలికేసింది. ఆ లెక్కంతా మట్టి కిందికి పోయింది. మిగిలింది ఈ ఒక్కటే, ఆమె మొగుడు సోంబరుది.

మధ్యాహ్నం జీపు దిగిన ధర్మతేజ పట్నంలో పరిశోధన చేస్తున్నాడట. ఏ పార్టీకి ఓటేసిన ఊళ్ళలో కరోనా చావులు ఎక్కువో చూస్తాడట. మర్యాదస్తుడే.

"సర్కారు లెక్కల్లో మీ ఊళ్ళో కరోనా మరణాలు సున్నా అని ఉందమ్మా. ఆశా కార్యకర్తగా ఈ కాగితం మీద మీరొక సంతకం పెడితే చాలు."

"సున్నా ఏటి బాబూ? పదకొండుమంది పోనేదా?"

"వాళ్ళ పరీక్ష కాగితాలు ఉన్నాయా?"

"కిట్లే నేవు. కాగితాలెక్కడివి?"

పరీక్ష కాగితం లేనిదే తన ట్యాబులో మరణాలు రాసే గడి తెరుచుకోదని చెప్పాడు. మరి సున్నాతో ఏం చేస్తారంది. ఊరి ఓట్ల పక్కన పెట్టి పోలుస్తామన్నాడు.

రత్నాలుకి ఒళ్ళు మండిపోయింది.

"అంటే మావోళ్ళు మంచి పార్టీకి ఓటేసి బతికీసినారని రాత్తావా? ఓట్లకి రెండు పార్టీలోళ్ళూ జీపులంపినారు. ఏది ముందొత్తే దాన్లో ఎక్కినాం. నా మొగుడికి ఊపిరాడనప్పుడు ఒక్కడూ అంపనేదు. డోలీలో పాడేరు ఆస్పత్రికి మోసుకెళ్తంటే దారిలోనే పోయినాడు. పార్టీ సూసుకుని సచ్చినాడేటి?"

ఆ ఏడు పై ఉద్యోగి 'జ్వరమని రాసెయ్' అంటే, పని పోతుందని భయపడి, సొంత మొగుడితో సహా పదకొండుమంది పేర్ల ఎదుటా జ్వరమని రాసి సంతకం పెట్టింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఆమెని కాలుస్తూనే ఉంది.

"అప్పుడు సంతకం ఎట్టినాను. ఇంక ఎట్టను."

"సంతకం లేకపోతే మీ ఊరు మా లెక్కలోంచే పోతుందమ్మా," అన్నాడు ధర్మతేజ నెమ్మదిగా.

"పోతే పోనీ. అబద్ధంలో ఉండక్కర్నేదు."

అతను గోడ మీది అంకెకేసి చూసి, ట్యాబు మూసి జీపెక్కి వెళ్ళిపోయాడు. సంతకం కోసం తెచ్చిన కాగితం అరుగు మీదే మరిచిపోయాడు.

"అత్తా, ఆ ముక్క కూడా అలికెయ్యనా? పండగ కదా," అంది పక్కింటి గంగ.

"ముట్టుకోకు."

రత్నాలు ఆ కాగితాన్ని అంకెకి అడ్డంపెట్టి, దాని చుట్టూ మట్టి పూసింది. పని అయ్యాక తీసి చూస్తే కాగితమంతా ఎర్రమట్టి. గోడ మీద అరవై నాలుగు అలాగే ఉంది.