డిక్కీలో పెట్టె

కార్లలో పాటల సెట్లు బిగించే మేస్త్రి నోరు విప్పడమే తక్కువ. "పాటల కొట్టు పెట్టి మూగనోము పట్టాడు" అని పక్కనున్న టైర్ల కొట్టాయన ఎగతాళి చేసేవాడు. అయినా కొత్తగా కారు కొన్నవాళ్లను మేస్త్రి ఒక్క ప్రశ్న తప్పకుండా అడిగేవాడు. "డిక్కీలో ఏం పెడతారు?" జవాబు విన్నాకే సామాను బయటికి తీసేవాడు. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న అడగనిది ఒక్కరినే. కన్నకూతుర్ని.

ఆ అమ్మాయికి దూరంగా ఇంకో ఊళ్లో ఉద్యోగం. పాత కారొకటి కొనుక్కుని, శనివారం సెలవు పెట్టి నేరుగా కొట్టుకే వచ్చింది.

"నాన్నా, ఇందులో ఏం కొనాలో నాకు ఓనమాలు కూడా తెలీవు. ముందు తలుపులకి రెండు స్పీకర్లు చాలు కదా?"

"చాలవు."

"మరి?"

"స్టీరియో మార్చాలి. తర్వాత స్పీకర్లు. వాటికి ఆంప్లిఫయరు. బ్యాటరీ నుంచి లావు వైరు, మొదట్లోనే ఫ్యూజు. వెనక డిక్కీలో, దరువు అదిరేలా వూఫరు పెట్టె."

"అమ్మో! ఇది కారా, సినిమా హాలా?"

మేస్త్రి నవ్వాడు. ఆ వింత చూడ్డానికి టైర్ల కొట్టాయన తొంగిచూశాడు.

చిన్నప్పుడు ఆ పిల్ల కొట్లోకి వస్తే "వైర్లు తొక్కుతావు, ఇంటికి పో" అని తరిమేవాడు. ఇన్నాళ్లకు తనంతట తాను వచ్చి అడిగింది. ఉన్నవాటిలో పెద్ద పెట్టె దించాడు.

"అంత పెద్దదొద్దు నాన్నా, డిక్కీ..." అంటూ ఏదో చెప్పబోయింది. అతను డ్రిల్లు ఆన్ చేశాడు. మాట ఆ చప్పుడులో కలిసిపోయింది.

సాయంత్రం పాట వేస్తే కారు అద్దాలు అదిరాయి. మేస్త్రి మొహం వెలిగిపోయింది. కూతురు డిక్కీ వంక ఒకసారి చూసి మూత వేసింది.

మర్నాడు పొద్దున తల్లి తయారై కూర్చుంది. పడిపోయినప్పటి నుంచీ ఆవిడకి ఒక కాలు వంగదు. రెండేళ్లుగా ఆసుపత్రి దారి తప్ప ఇంకో దారి చూసి ఎరగదు. జలాశయం నిండింది, చూపిస్తానని కూతురు మాటిచ్చింది. మధ్యాహ్నం దాటితే కూతురు ఉద్యోగానికి బయల్దేరాలి.

వెనక సీట్లో ఆవిడ కాలు చాపుకుని కూర్చోవాలి. కనక చక్రాల కుర్చీ డిక్కీలోనే వెళ్లాలి. మడిచి నిలువుగా పెట్టారు, అడ్డంగా పెట్టారు. ఎలా పెట్టినా మూత పడలేదు.

"చూశావే, మీ నాన్న నాకు సవతిని తెచ్చి డిక్కీలో కూర్చోబెట్టాడు" అని తల్లి నవ్వింది.

మేస్త్రి నవ్వలేదు. రెంచీలు తెచ్చుకుని కారు కిందికి దూరాడు. ఎవడూ ఎత్తుకుపోకుండా అడుగు నుంచి ఎనిమిది బోల్టులు వేసి, పైన జిగురు పట్టించింది తనే. తన చేతిపని ఎంత గట్టిదో ఆవేళ తనకే తెలిసింది. పెట్టె ఊడేసరికి గంటన్నర దాటింది. అప్పటికే కూర్చుని కూర్చుని తల్లి కాలు వాచిపోయింది. నొప్పికి పళ్లు బిగించి "ఇంకోసారి పోదాంలే" అంది. ఇద్దరూ పట్టుకుని మంచం మీదికి చేర్చారు.

"నిన్ననే చెప్పాల్సింది నాన్నా" అంది కూతురు, కారెక్కుతూ. "నీ మొహం చూసి నోరు రాలేదు."

పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది. దాని మీద ఇప్పుడు ఆవిడ మందుల సీసాలు పెట్టుకుంటుంది. కూతురికి మళ్లీ సెలవు దొరికేలోగా ఎండలు ముదిరాయి. జలాశయంలో నీళ్లు అడుగంటాయని టైర్ల కొట్టాయన చెప్పాడు. ఆ మాట మేస్త్రి ఇంట్లో చెప్పలేదు.

ఒకరోజు కూతురు ఫోన్ చేసింది. "ముందు రెండు స్పీకర్లే మోగుతున్నాయి నాన్నా. బాగున్నాయి, అవే చాలు."

మేస్త్రి అడిగాడు. "డిక్కీలో ఏం పెట్టావు?"

"ఏం లేదు నాన్నా. ఖాళీ."