షేర్ చేసిన ఇల్లు

ఉప్పాడ బ్రాంచిలో పొద్దున్నే మొదటి పని కౌంటరు తెరవడం కాదు, పోస్టరు పెట్టడం. ఉద్యోగస్తులు పరిచయాలు పెంచుకునే వెబ్‌సైటొకటి ఆ రోజుల్లో కొత్తగా వచ్చింది. అందులో సిబ్బంది ఎంత చురుగ్గా ఉంటే బ్యాంకుకి అంత పేరని పైవాళ్ళకి ఎవరు చెప్పారో గానీ, రోజూ హెడ్డాఫీసు నుంచి ఒక పోస్టరు దిగేది. దాన్ని ఎవరి పేజీలో వాళ్ళు షేర్ చెయ్యాలి. మేనేజరు రామచంద్రమూర్తి గారు అందులో జిల్లాకే ఫస్టు. ఆ సైటంటే ఆయనకి ప్రేమేం లేదు. భార్య నాగేశ్వరి రాజమండ్రిలో, ఆయన ఇక్కడ మెస్సు భోజనంలో. రిటైరయ్యేలోపు ప్రమోషనొస్తేనే ఇంటికి చేరడం. ఇదే ఆఖరి అవకాశం గనక జ్వరమొచ్చినా పోస్టరు ఎగ్గొట్టలేదు.

బ్యాంకు వాళ్ళు అందులో పెట్టిన ఫోటోలో ఏముంటే దాని జోలికి సముద్రం వచ్చేది కాదు. బ్యాంకు మాటంటే జనానికున్న గురే దానికీ ఉందనుకోవాలి. ఫోటో తీసేస్తే మాత్రం వెతుక్కుంటూ వచ్చేది. క్యాషియరు బుజ్జిబాబు పోస్టరు బదులు తన స్కూటరు ఫోటో పెట్టి, పైవాళ్ళు చివాట్లేస్తే తీసేశాడు. మర్నాడే అల వచ్చి, సందులో ఉన్న స్కూటర్ని పట్టుకుపోయింది. అదే కారణం రాసిస్తే ఇన్సూరెన్సు వాళ్ళు చదివి, బండి నంబరు మాత్రం అడిగారు. ఇక పోస్టర్లలో గొడుగు కింద నవ్వే కుటుంబం ఉప్పాడలో లేదు గనక వాటివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఆ నవంబరులో వాయుగుండం పట్టింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్న ఉమాశ్రీ పోస్టరు మానేసి మహాలక్ష్మమ్మ ఇంటి ఫోటో పెట్టింది. ఒడ్డున మిగిలిన చివరి ఇల్లది. మూడిళ్ళు సముద్రానికి పోగొట్టుకున్నాక, ఎండుచేపలమ్మి మహాలక్ష్మమ్మ కట్టుకున్న నాలుగోది. అటూ ఇటూ కొబ్బరిచెట్లు కొట్టుకుపోయాయి గానీ ఆ ఇంటి అరుగు తడవలేదు.

మూడోనాడు మధ్యాహ్నం రీజినల్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేసి రామచంద్రమూర్తి గారు ఉమాశ్రీ బల్ల దగ్గరికొచ్చారు.

"నాలుగింటికల్లా మీ పేజీలోంచి ఆ ఫోటో తీయించమన్నారమ్మా. లేకపోతే మీ కన్‌ఫర్మేషను ఆపేస్తారట."

"తీస్తే ఇల్లు పోతుంది కదండీ!"

"తీయకపోతే మీ ఉద్యోగం పోతుంది."

బయట సముద్రం బ్యాంకు మెట్లదాకా వినిపిస్తోంది. ఉమాశ్రీకి భయమేసింది. భయపడుతున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. వాళ్ళింట్లో నెల జీతం ఎరిగిన మొదటి మనిషి తనే. మౌసు మీద చెయ్యి పెట్టింది, నొక్కదు, తీయదు.

బుజ్జిబాబు వెళ్ళి సంగతి చెప్పినట్టున్నాడు, మహాలక్ష్మమ్మ నెత్తిన మూటతో, తడిసిన చీరతో లోపలికొచ్చింది.

"తీసెయ్యి తల్లీ. నా ఇంటికోసం నీ ఉజ్జోగం పోతే నాకు ముద్ద దిగుద్దా? మూడిచ్చినదాన్ని, నాలుగోది ఇయ్యలేనా?"

"అలా అనకండి మామ్మగారూ," అంది ఉమాశ్రీ. ఇక ఏడుపు ఆగలేదు.

రామచంద్రమూర్తి గారు తన గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు. చూడలేక వెళ్ళారనుకున్నారంతా. నాలుగు కావస్తుండగా బయటికొచ్చారు.

"ఇప్పుడు తీసెయ్యండి ఉమాశ్రీగారూ."

"సార్!"

"ఫరవాలేదు, తీసెయ్యండమ్మా. నా పేజీలో నేను షేర్ చేశాను."

"మీ ప్రమోషనండీ?" అన్నాడు బుజ్జిబాబు.

"మీ పేజీలోంచి తీయించమన్నారు, తీయిస్తున్నాం. నా పేజీ గురించి వాళ్ళేమీ అనలేదు," అన్నారాయన.

ఉమాశ్రీ కళ్ళు మూసుకుని నొక్కింది. అందరూ మెట్ల మీదికి పరిగెత్తారు. అప్పటికే పెద్ద అలొకటి లేచి, ఇసుక దాటి, నేరుగా మహాలక్ష్మమ్మ అరుగు మీదికి వస్తోంది. అరుగు ముందు ఆగింది. కళ్ళజోడు మరిచిపోయిన పెద్దాయన కాగితం చదువుకున్నట్టు చాలాసేపు అక్కడే నిలబడింది. మహాలక్ష్మమ్మ ఉమాశ్రీ చెయ్యి పట్టుకుంది. అల పక్కకి తిరిగి, రోడ్డవతల ఇంతవరకూ ఎవరూ ఫోటో తీయని బ్యాంకు ఏటీఎం గదిని తీసుకుని వెళ్ళిపోయింది.

ప్రమోషన్లు వచ్చాయి. రామచంద్రమూర్తి గారికి రాలేదు. ఆ సాయంత్రం రాజమండ్రికి ఫోన్ చేశారు.

"ఈసారీ లేదే, నాగేశ్వరీ."

ఇంటి సంగతి, ఫోటో సంగతి ఆవిడకి ముందే చెప్పి ఉన్నారాయన.

"ఆ ఇల్లు ఉందాండీ?"

"ఉంది."

"అయితే నేనే వస్తాను. మెస్సు మానెయ్యండి."

అద్దెకి మహాలక్ష్మమ్మ ఇంట్లోనే పక్క వాటా దొరికింది. కొన్నాళ్ళకి ఆయన రిటైరయ్యే రోజొచ్చింది; సాయంత్రంలోగా ఆయన పేజీ మూసేస్తారు, దాంతోపాటు అందులోని ఇంటి ఫోటో కూడా పోతుంది. అప్పటికే ఉద్యోగం ఖాయమైన ఉమాశ్రీ ఆ పొద్దున్నే కొత్త ఫోటో తీసి తన పేజీలో పెట్టింది. అందులో అదే ఇల్లు, అదే అరుగు. అరుగు మీద మహాలక్ష్మమ్మ పక్కన రామచంద్రమూర్తి గారూ, నాగేశ్వరి గారూ కూర్చుని ఉన్నారు.