నా మసి మీద కౌజు గోళ్లు

మిట్టమధ్యాహ్నం కారు దిగి, గొడుగు కింద అరగంట నిలబడి, "ఈ బీడు నేలలో పిట్టల్లేవు" అని రాసుకుపోయిన పెద్దమనుషులారా, మిమ్మల్నే! ఆ ఎండలో మీరు పాడతారా? మీ నోరే పెగలని వేళ కౌజుపిట్ట నోరు పెగలాలా?

నేను ఒక బాణలిని. ఇనుప బాణలిని. కొలిమిలో పుట్టాను, సమ్మెట దెబ్బలకు గుంటపడ్డాను. ఇరవై ఏళ్లు మారెక్క బోండాల కొట్టులో నూనె మోశాను. నాలో వేగినవి మీరూ తిన్నారు. తిని, చేతులు తుడుచుకుని, అదే చేత్తో సంతకాలు పెట్టారు.

నా అడుగున చిల్లి పడితే మారెక్క తమ్ముడు కాటమయ్య పట్టుకుపోయాడు. రేడియోలు బాగుచేసేవాడు. పిట్టల గొంతులు పట్టి దాచే పిచ్చి ఉంది అతనికి. చిల్లిలోంచి కడ్డీ దూర్చి, దాని కొసన మైకు నాకేసి తిప్పి కట్టాడు. ఎక్కడో దూరాన కూసిన కూత నా గుంటలో పోగై మైకులో పడేది.

"నా బాండ్లికి చెవి కుట్టిచ్చినావేందిరా?" అని నవ్వింది మారెక్క.

"కుట్టల్యాక్కా, చెవే చేసినా!"

ఎన్ని తెల్లవారుజాములు విన్నానో! రేగుచెట్టు దగ్గరి కౌజు కూస్తే, రాళ్లకుప్ప దగ్గరి కౌజు బదులిచ్చేది. ఇది నాది, అది నీది, దాటావో చూస్కో అని. సర్వే రాయి ఒక్కటీ లేకుండా ఎవరి జాగా వారిది. ఇంతలో మీ కాగితం వచ్చింది. బీడు ఖాళీ అని తేలితే చుట్టూ కంచె, లోపల ఎండతో కరెంటు తీసే పలకలు. కౌజులు పోతాయి, మా ఊరి గొర్రెల మందలూ పోతాయి.

ఊళ్లో సభ పెట్టారు. అదీ మధ్యాహ్నమే. కాటమయ్య లేచి, తాను పట్టి దాచిన కౌజు పాట వినిపించాడు. మీ పెద్దసారు పెదవి విరిచాడు. "ఇది ఇక్కడిదేనని రుజువేంటయ్యా? సంతలో పంజరం పిట్టదేమో!"

"రేప్పొద్దున ఆరింటికి రా సామీ. ఇదే పాట బీట్లో పెడతా. ఎవుడో తన జాగాలో దూరినాడని ఆ జాగా గలోడు కొట్లాటకొస్చాడు. పంజరంలో పిట్టకు జాగా యాడిది?"

"ఆరింటికా!" అన్నాడు సారు. గొర్రెలవాళ్లు గొల్లున నవ్వారు.

ఆరయింది. మీరు రాలేదు. మేం ఆగలేదు. కాటమయ్య రేగుచెట్టు దగ్గర స్పీకరు పెట్టి, నా కడ్డీ, మైకు ఊడదీసి నన్ను దాని మీద బోర్లించి, రాళ్లకుప్ప కౌజు పాట పెట్టాడు. పాట నా చిల్లిలోంచి పైకి లేచిందో లేదో, రేగుచెట్టు కౌజు రొమ్ము విరుచుకుని పరుగున వచ్చింది. నా చుట్టూ తిరిగింది. ఎగిరి నా వీపు మీదికెక్కి గోళ్లతో చీరింది, ముక్కుతో పొడిచింది. సమ్మెట దెబ్బలు తిన్నాను, గరిటె దెబ్బలు తిన్నాను. ఇంత న్యాయమైన దెబ్బ ఎన్నడూ తినలేదు!

కాటమయ్య పాట ఆపేశాడు. "సాలు. ఇంగోసారి పెడితే మేత మాని మనతోనే పంచాయితీకి కూచుంటాడు."

నా వీపున ఇరవై ఏళ్ల మసి. దాని మీద తెల్లగా గోటి గీతలు. ఎవరో తోమబోతే మారెక్క చేతి మీద ఒక్కటిచ్చింది. "తోమాకురా! అది ఆయప్ప ఏసిన ఏలిముద్ర."

ఇప్పుడు కొట్టు గోడకు, మసి వీపు బయటికి పెట్టి వేలాడుతున్నాను. చదువురానివాడి వేలిముద్ర మీ కచేరీల్లో చెల్లుతుంది కదా? ఇదీ చెల్లాలి.

మధ్యాహ్నం రాసిన ఆ కాగితం చింపండి. తెల్లవారకముందే రండి. కారు రోడ్డు మీదే ఆపి నడవండి. రేగుచెట్టుకు ఎడంగా, నోరు మూసుకుని కూర్చోండి. విన్నది విన్నట్టు రాయండి. అంతదాకా ఆ బీట్లో ఒక్క కంచె రాయి పాతడానికి వీల్లేదు!