బావ సరిచేసిన ఫైలు

పిచ్చుకకు ఒళ్లు మండిపోతోంది. సర్వే ఆఫీసు కంప్యూటరులో పటాలు దాచే డిస్కు పొద్దున్నే చచ్చి ఊరుకుంది. చెరువు గట్టు పటం సోమవారానికి ఇవ్వకపోతే పని పక్కవాళ్లకు పోతుంది. పోనీలే, బ్యాకప్ ఉందిగా అని తెరిస్తే, ఆఖరి నకలు పంతొమ్మిది రోజుల కిందటిది. గట్టు కొలిచినదంతా ఆ పంతొమ్మిది రోజుల్లోనే!

ఆఫీసు బావది. కంప్యూటర్ల గోల మరదలిది. ఆమెకు పిచ్చుక అన్న ముద్దుపేరూ ఆయన పెట్టిందే. నెల కిందట ఆ మహానుభావుడు బ్యాకప్ సెట్టింగుల ఫైలును సలహా కోసం ఎవరో స్నేహితుడికి పంపాడు. అందులో పాస్‌వర్డు నిక్షేపంలా రాసి ఉంది. ఆమె ఆయన్ని దులిపేసి, పాస్‌వర్డు మార్చి, దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా కంప్యూటరు లోపల పెట్టింది. ఫైల్లో మిగిలింది ఆ వేరియబుల్ పేరే. బ్యాకప్ నడిచేటప్పుడు అసలు పాస్‌వర్డును సిస్టమే అందిస్తుంది.

మరి ఏమొచ్చింది మాయరోగం? ఫైలు తెరిచింది. వేరియబుల్ పేరు లేదు. దాని చోట, ఇప్పుడు చెల్లని పాత పాస్‌వర్డు. పైన ఓ వాక్యం: 'పాస్‌వర్డు ఎగిరిపోయింది. మరదలు పనిలో ఉంది, నేనే పెట్టాను.'

"బావా, ఇది నీ నిర్వాకమేనా?"

"అవును. అక్కడేదో అర్థంకాని పేరు పడుంది. చెడిపోయిందనుకున్నా."

"నన్నడగొచ్చుగా?"

"ఆ రోజు తిట్టావు సరే. ఏం మార్చావో చెప్పావా?"

చెప్పలేదు. పైగా, రోజువారీ బ్యాకప్ తప్పిన ప్రతిసారీ మెయిలు ఆమెకే వచ్చింది. మెయిళ్ల పోరు పడలేక వాటిని ఓ మూల ఫోల్డర్లోకి తోసే ఏర్పాటు చేసుకున్నదీ ఆమే. తెరిస్తే పంతొమ్మిదీ అక్కడే ఉన్నాయి. బావ మీదకన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

వేరియబుల్ పేరు తిరిగి రాసింది. బావ వాక్యం చెరిపి, 'పాస్‌వర్డు ఇక్కడ ఉండదు, కంప్యూటరు లోపల ఉంటుంది. అనుమానమొస్తే నన్నడుగు బావా' అని పెట్టింది.

అప్పటికే ఆయన ట్రైపాడ్ భుజాన వేసుకున్నాడు. "పద, గట్టు మళ్లీ కొలవాలి. రెండో మనిషి లేడు, కొలకర్ర నువ్వే పట్టాలి."

గంట తర్వాత, గట్టు మొదట్లో, మండుటెండలో కర్రతో నిలబడింది పిచ్చుక. అవతలి నుంచి బావ కేకేశాడు.

"కర్రెలా పట్టుకోవాలో చెప్పమంటావా, నీలాగా చెప్పకుండా తర్వాత తిట్టమంటావా?"

"చెప్పు బావా," అంది.