తిరిగొచ్చిన కుడిచెయ్యి

రిటైరై మూడేళ్లు దాటినా వీధిలో అందరికీ ఆయన సూపర్‌వైజర్ గారే. అంత పెద్ద గోడౌన్‌ని ఒంటిచేత్తో నడిపానని చెప్పుకునేవాడు. గోడౌన్ వదిలి ఇంటికొచ్చాక ఆయన పెత్తనానికి మిగిలిన సిబ్బంది ఒక్కతే, భార్య.

అలమర మీద వేలితో రాసి దుమ్ము చూపించడం, టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించి పక్కన పెట్టేయడం, వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసి మళ్లీ బిగించడం, ఇవన్నీ రోజువారీ తనిఖీలు. తప్పు దొరకని రోజు ఆయనకి ముద్ద దిగేది కాదు. ఎక్కువగా నోటితోనే పని జరిపించేవాడు. నోరు చాలదనిపిస్తే చెయ్యి చేసుకునేవాడు. పెళ్లయిన కొత్తలో తరచూ, పిల్ల పుట్టాక అప్పుడప్పుడూ, వయసు మళ్లాక ఎప్పుడో గానీ కాదు. ఆ ఎప్పుడో అనేది ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఆవిడకి అసలు బాధ.

కూతురు పెళ్లయి పిల్లలతో స్థిరపడ్డాక ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. ఊరికి ఆ చివర ఆవిడ అక్క జిరాక్స్ షాపు నడుపుకుంటూ ఒంటరిగా ఉంటోంది. షాపు పైన ఒక గది ఖాళీ. "వచ్చెయ్యవే, ఒకరికొకరం తోడుంటాం" అని ఎన్నాళ్లనుంచో చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. చివరికి ఈవిడ సరేనంది. ఆయనకి ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్న రోజుల్లోనే ఆయన బాత్రూమ్ గుమ్మంలో కుప్పకూలాడు. పక్షవాతం. కుడి పక్క మొత్తం పడిపోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయన గొంతులో వెనకటి దర్పం లేదు. ముద్దముద్దగా "నువ్వు లేకపోతే నేనేమైపోదునే" అని ఏడ్చేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కంట తడి చూడటం ఆవిడకి అదే మొదలు. ఆ రాత్రే అక్కకి ఫోన్ చేసింది.

"ఈ స్థితిలో వదిలేసి ఎలా రానక్కా?"

"రాలేవులే. గది మాత్రం ఎన్నాళ్లని ఖాళీగా ఉంచుకోనే" అని అక్క ఫోన్ పెట్టేసింది.

ఆవిడ ఉండిపోవడానికి జాలి ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. ఆయన మంచం మీద నుంచి పిలిస్తే, "వస్తున్నా" అని పలికి, చేతిలో పనేమీ లేకపోయినా వంటింట్లో ఇంకాసేపు నిలబడి అప్పుడు వెళ్లేది. అలా ఆయన్ని ఎదురుచూడనివ్వడంలో ఒక చిన్న తృప్తి. ఆ తృప్తికి తనకే సిగ్గేసి, మళ్లీ రెట్టింపు చాకిరీ చేసేది. చంకల కింద చేతులేసి ఆ భారీ మనిషిని లేపి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌లోకి ఈడ్చేది. నడుం విరిగిపోయింది. కుడి మణికట్టు వాచిపోయి చపాతీ కర్ర కూడా పట్టనిచ్చేది కాదు.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. ఆసుపత్రి వాళ్లు పంపించారు. మోకాళ్ల దాకా జేబులున్న ప్యాంటు, వీపున ఒక సంచి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌నని చెప్పుకుంది. ఆ పేరు ఆవిడకి నోరు తిరగలేదు. "మనిషి తన పనులు తను మళ్లీ ఎలా చేసుకోవాలో నేర్పిస్తానాంటీ. తినడం, బట్టలేసుకోవడం, లేచి కూర్చోవడం" అని చెప్పింది అమ్మాయి. ఇంట్లో అప్పట్నుంచి థెరపీ అమ్మాయనే పిలిచారు.

వచ్చీ రాగానే ఆయన దగ్గరికి పోలేదు. ఆవిడ వైపు చూసి, "మీకెక్కడ నొప్పి?" అని అడిగింది.

"నాకేం, బానే ఉన్నాను. జబ్బు ఆయనకి."

"ఆయన సంగతి చూస్తాను. మీరు గుమ్మం దగ్గర వంగి చెప్పులు పక్కకి జరిపినప్పుడు గోడ పట్టుకున్నారు. అందుకని అడిగాను."

ఎవరూ అడగని మాట అది. ఆవిడ "టీ పెడతాను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజే నేర్పింది. చంకల కింద పట్టుకుని లాగకూడదు, ఆయన భుజం జారిపోతుంది, మీ నడుం పోతుంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి అది పట్టుకోవాలి. ఆయన పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకి వంగమనాలి, అప్పుడు మనిషి తనంతట తనే సగం లేస్తాడు. కుర్చీ కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు పెంచించింది. బాత్రూమ్ గోడకి కడ్డీ బిగించమంది, జారే కాలిపట్టాలన్నీ తీసేయించింది. చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆఖరికి తీయాలి. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేసింది, పట్టు దొరకడానికి.

"అన్నిటికన్నా ముఖ్యం ఒకటుందాంటీ. ఆయనకి చేతనైన పని మీరు చెయ్యకూడదు. ఎంతసేపు పట్టినా సరే, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవాలి. ఆడవాళ్లకి ఇదే అన్నిటికన్నా కష్టం."

ఆయన్ని కూడా అడిగింది. "అంకుల్, మీకు ఏం చేయడమంటే ఇష్టం? పేకాటా, మొక్కలా, టీవీయా? దాన్ని పట్టుకునే మనం పని మొదలుపెడదాం."

ఆయన ఆలోచించి, "ఇల్లు. ఇల్లు ఒక పద్ధతిలో ఉండాలి. అంతే" అన్నాడు.

అమ్మాయి ముఖం విప్పారింది. "ఇంటి పని మీద ఇంత శ్రద్ధ ఉన్న మగవాళ్లని నేను చూళ్లేదాంటీ!"

ఆవిడ ఖాళీ టీ కప్పులు తీసుకుని లోపలికెళ్లింది.

ఇక పని మొదలైంది. పొద్దున్నే టేబుల్‌కి అటూ ఇటూ ఆయనా ఆవిడా కూర్చునేవాళ్లు. బట్టల క్లిప్పులు నొక్కించేది. గిన్నెలోంచి గుండీలు ఏరించేది. ఆయన చెయ్యి టేబుల్ మీద చచ్చిన చేపలా పడుండేది. ఒక్క వేలు కదలడానికి చెమటలు పట్టేవి. "ఇంకొక్కసారి, ఇంకొక్కటి" అని ఆవిడ బతిమాలేది. పసిపిల్లకి నడక నేర్పినట్టు. కూతురికి కూడా అంత ఓపిగ్గా నేర్పలేదేమో. బొటనవేలూ చూపుడువేలూ కలిసి మొదటి గుండీని పట్టుకున్న రోజు ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఆవిడ చేతిని పట్టుకుని తిప్పి చూశాడు.

"ఇంత గరుకుగా ఉన్నాయేంటే నీ చేతులు?"

"ఎప్పట్నుంచో ఇలానే ఉన్నాయి."

"నేను చూడనేలేదు."

ఆ మాట ఆవిడ కడుపులో దాచుకుంది. గిన్నెలు తోముతూ దాన్నే తలుచుకుంది. వయసయ్యాకైనా మనిషి మారాడు, జబ్బు పడటం మంచిదే అయింది అనుకుంది. అక్కతో ఆ మాటే అంటే అక్క "ఊఁ" అంది.

ముందు నాలుక తిరిగొచ్చింది. మాట స్పష్టమైన కొద్దీ, "నువ్వు లేకపోతే" అనేది తగ్గింది. తర్వాత చూపుడువేలు. అది నిటారుగా నిలబడిన నాడు చేసిన మొదటి పని, కిటికీ ఊచల మీద దుమ్ము చూపించడం. ఆవిడ నవ్వి తుడిచేసింది. తర్వాతర్వాత టీ ఒక గుక్క తాగి పక్కన పెట్టడం మొదలైంది. బ్రెడ్ మాడిందన్నాడు. చొక్కా ఇస్త్రీ మడతలు వంకరన్నాడు. కుర్చీలో కూర్చుని, కొత్తగా వచ్చిన చేతికర్రతో ఒక్కో మూలా పొడిచి చూపించేవాడు.

"పరిసరాల మీద ధ్యాస పెరుగుతోంది, చాలా మంచి సూచన" అంది థెరపీ అమ్మాయి సంబరంగా. "ఇక మిగిలింది భుజం. చెయ్యి భుజం ఎత్తుకి లేస్తే మనం గెలిచినట్టే."

భుజం కోసం ఆవిడ గోడకి రంగు కాగితాలు అంటించింది. ఆయన చెయ్యి ఆ కాగితాల దాకా పాకించాలి. రోజుకో వేలెడు పైకి అంటించేది. ఆయన మోచేతి కింద తన అరచెయ్యి ఊతంగా పెట్టి నిలబడేది.

ఒక ఆదివారం కూతురు వచ్చింది. ఆయన తనే కప్పు ఎత్తి టీ తాగి చూపించాడు. కూతురు చప్పట్లు కొట్టి, ఫోన్లో వీడియో తీసి, "అమ్మ చలవే నాన్నా ఇదంతా" అంది. "నా పట్టుదల" అన్నాడాయన. కూతురు వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ ఆయనకి చొక్కా మార్చుకోమని అందించి, నేర్పినట్టే చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నావు? తొడుగు."

"మీకొచ్చుగా. మెల్లగా తొడుక్కోండి."

"పిల్ల ముందు నన్ను ఆటాడిస్తున్నావా?"

ఆయన చెయ్యి లేచింది. కుడిచెయ్యే. మోచెయ్యి దాటి, గోడ మీది ఆఖరి కాగితం ఎత్తు దాటి, భుజానికి సమానంగా లేచి ఆవిడ చెంప మీద పడింది. దెబ్బకి బలం లేదు. తడిగుడ్డ తగిలినట్టు తగిలి జారిపోయింది. నొప్పి లేదు. ఆ క్షణంలో ఆవిడకి తట్టిన మొదటి మాట, భుజం ఎత్తుకి వచ్చిందే అని. అలా తట్టినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

గుమ్మంలో కూతురు నిలబడుంది. చూసింది. "నాన్నా!" అని ఒక్క కేక వేసింది గానీ, తర్వాత తల్లిని పక్కకి తీసుకెళ్లి, "జబ్బు మనిషమ్మా. ఆ చిరాకు అలా బయటికొస్తుంది. మనసులో పెట్టుకోకు" అంది.

"జబ్బుతో ఉన్నన్నాళ్లూ కొట్టలేదే. తగ్గాకే కొట్టారు" అంది ఆవిడ.

కూతురు చేతిసంచి సర్దుకుంది.

తర్వాతిసారి థెరపీ అమ్మాయి వచ్చినప్పుడు ఆయన నిద్రపోతున్నాడు. "భుజం ఎంతవరకొచ్చింది ఆంటీ?" అని అడిగింది గుమ్మంలోనే.

"పూర్తిగా వచ్చింది."

"నిజంగా? ఎలా తెలిసింది?"

"నన్ను కొట్టారు."

అమ్మాయి ముఖంలో నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. సంచి కింద పెట్టి కూర్చుంది. "ఇదే మొదటిసారా?" అని మెల్లగా అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అమ్మాయి కళ్లు గోడ మీది రంగు కాగితాల మీదికి వెళ్లి, అక్కడ్నుంచి కిందికి దిగాయి.

"నేను మొదటి రోజే మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి అడగాల్సింది ఆంటీ."

"నువ్వడిగినా నేను చెప్పేదాన్ని కాదులే తల్లీ. నువ్వేం చేస్తావు, నీ పని నువ్వు చక్కగా చేశావు. మనిషిని మునుపు ఎలా ఉన్నాడో అలాగే నిలబెట్టి ఇచ్చావు. నా చేత్తోనే నిలబెట్టించావు." తర్వాత గొంతు సర్దుకుని అడిగింది. "ఒకటి నిజం చెప్పు. ఆయన ఒక్కరే ఉండగలరా?"

ఆయన లేచాక అమ్మాయి అన్నీ చేయించి చూసింది. లేచి నిలబడటం, బాత్రూమ్‌కి వెళ్లి రావడం, వండి మూతపెట్టిన అన్నం పెట్టుకుని తినడం, ఫోన్ చేయడం. చివరికి వాకిట్లోకి వచ్చి చెప్పింది. "పగలు ఉండగలరు. రాత్రికి మాత్రం మనిషి తోడుండాలి. ఇంకోసారి పడితే తనంతట తను లేవలేరు." ఆగి, "మీ విషయం చెప్పుకోవడానికి మనుషులున్నారు, నేను తీసుకెళ్తాను ఆంటీ" అంది. ఆవిడ ఆ అమ్మాయి భుజం తట్టి పంపేసింది.

రాత్రుళ్లకి నాన్నని నీ దగ్గర పెట్టుకుంటావా అని కూతుర్ని ఫోన్లో అడిగింది. కూతురు ఇరుకిల్లంది, అత్తగారంది, పిల్లల చదువులంది. "ఇంత చేసి ఆఖర్న వదిలేస్తానంటావేంటమ్మా? నువ్వే కదా నిలబెట్టావు."

"నిలబడలేని మనిషిని వదల్లేకే ఆగాను. ఇప్పుడు నిలబడ్డారు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ వచ్చి రాత్రిపూట పడుకోమను."

కూతురు ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత చేసినా తండ్రికే చేసేది.

అక్క దగ్గరికి వెళితే, పైన గదిలో ఎవరో భార్యాభర్తలు అద్దెకున్నారు. మెట్ల మీద వాళ్ల చెప్పులున్నాయి. "నువ్వు రానన్నావు కదే" అంది అక్క, తప్పు తనదైనట్టు. జిరాక్స్ మిషన్ పక్కనున్న స్టూలు చూపించి, "పగలు రా. కాగితాలు కట్టలు కడుదువుగాని" అంది.

అలా కుదిరింది ఏర్పాటు. పొద్దున వండి మూతలు పెట్టి బయల్దేరుతుంది. చీకటి పడేసరికి తిరిగొస్తుంది. పగలంతా ఆయన తన పనులన్నీ తనే చేసుకుంటాడు, గిన్నె కూడా కడిగి బోర్లిస్తాడు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. అయినా సాయంత్రం వాళ్లతోనే, "నా ఖర్మ, ఈ వయసులో ఆడది బజారెక్కింది" అని చెప్పుకుంటాడు, వాళ్లు తలలూపుతారు. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టిందా, ఆయన చెయ్యి మళ్లీ పడిపోతుంది. తువ్వాలు అందదు, చెప్పు దూరదు.

మొన్నొక సాయంత్రం ఆవిడ వచ్చి, కాళ్లు కడుక్కుని, కంచంలో అన్నం పెట్టుకుని వంటింట్లో కూర్చుంది. హాల్లోంచి కేక. "నిన్నే! నీళ్లు!"

నీళ్ల చెంబు, గ్లాసు ఆయన మోచేతి పక్కనే ఉన్నాయి. వచ్చేటప్పుడు చూసింది.

"చెవుడొచ్చిందా? గొంతెండిపోతోందే!"

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంది. కేకలు పెరిగాయి. ఆవిడ పుట్టింటి వాళ్ల దాకా వెళ్లాయి. మెల్లగా బతిమాలుడులోకి దిగాయి. ఒక్కసారి ఏడుపు జీర కూడా వినిపించింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన కొత్తలో విన్నది ఇదే గొంతు. అప్పుడు నిజమో, ఇప్పుడు నిజమో ఆవిడకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. చివరికి చెంబు వంచిన చప్పుడు, గుటకల చప్పుడు, గ్లాసు ఠపీమని టేబుల్ మీద పెట్టిన చప్పుడు వినపడ్డాయి.

ఆవిడ ఇంకొంచెం అన్నం పెట్టుకుంది.